మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. ఫ్లూ టీకా ఎప్పుడు వేయించుకోవాలి? మాత్ర ఆపాలా?

సుజాత, తణుకు
జూన్ 2, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్లవాతం. ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, సోమవారం ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, పొద్దున టిఫిన్ తిన్నాక ప్రెడ్నిసొలోన్ 5. ఏడాదిగా వాపులు లేవు, వేళ్లు బాగానే ముడుచుకుంటున్నాయి.

నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని. 12న బడి తెరుస్తారు. వానలు మొదలైతే క్లాసులో సగం మంది పిల్లలకి జలుబూ దగ్గూ. పోయినేడాది ఆగస్టులో ఫ్లూ పట్టుకుని న్యుమోనియా దాకా వెళ్లింది. ఆస్పత్రిలో పడుకోబెట్టారు. అందుకే ఈసారి బడి తెరిచేలోపే టీకా వేయించుకుందామని.

ఇక్కడి ఫిజీషియన్ గారు "వేయించుకోండి, మీ మందుల సంగతి మాత్రం మీ కీళ్ల డాక్టర్నే అడగండి" అన్నారు. మందుల షాపు అబ్బాయేమో "నెలరోజులు ఆ మాత్రలన్నీ ఆపెయ్యండి మేడమ్, లేకపోతే టీకా పనిచెయ్యదు" అంటున్నాడు. విజయవాడలో మా రుమటాలజిస్టు గారి అపాయింట్‌మెంట్ జూలై రెండో వారంలో ఉంది. అప్పటిదాకా ఆగనా? ఆపితే ఏ మాత్ర ఆపాలి, ఎన్నాళ్లు?


రమణ, రాజమండ్రి
జూన్ 2, రాత్రి 10:02

సుజాత గారూ, నాది యాంకైలోజింగ్ స్పాండిలైటిస్, వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు. పదిహేను రోజులకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్ చేసుకుంటాను. ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటాను కానీ ఏ ఇంజెక్షనూ వాయిదా వేయలేదు. ఒకసారైతే ఒకేరోజు రెండూ పడ్డాయి, పొట్ట మీద అది, భుజానికి ఇది. మా డాక్టరుగారు ఏమీ అనలేదు.

కాబట్టి "అన్నీ ఆపెయ్యండి" అనే మాట మాత్రం నమ్మకండి. మెథోట్రెక్సేట్ సంగతి వేరేమో, తెలిసినవాళ్లు చెప్తారు.


స్వప్న, కరీంనగర్
జూన్ 3, ఉదయం 7:40

నాకు ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే లూపస్‌తోపాటు కీళ్ల సమస్య కూడా ఉంది, మెథోట్రెక్సేట్ మీదే ఉన్నాను. కొన్నేళ్ల కింద మా మేడమ్ టీకాకి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు ఆపమన్నారు. పోయిన సారి మాత్రం "ముందు ఆపక్కర్లేదు, తర్వాత రెండు వారాలు చాలు" అన్నారు. ఎందుకు మారిందో ఆ రద్దీలో అడగలేకపోయాను. బయట వందమంది కూర్చుని ఉన్నారు.


గుంటూరు రుమటాలజిస్ట్
జూన్ 3, మధ్యాహ్నం 2:25

నేను కీళ్ల జబ్బుల డాక్టర్ని. వీలున్నప్పుడల్లా ఇక్కడ చదువుతుంటాను. సుజాత గారి ప్రశ్న మా క్లినిక్‌లో ఈ నెలంతా వినబడేదే, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

స్వప్న గారికి చెప్పిన మాట మారడానికి కారణం కొరియాలో జరిగిన పరిశోధనలు. మొదటిది 2017లో వచ్చింది. రుమటాయిడ్ రోగుల్ని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టు మాత్ర ఆపకుండా టీకా వేయించుకుంది, ఒక జట్టు ముందు నాలుగు వారాలు ఆపింది, ఒకటి ముందు రెండు, తర్వాత రెండు, ఇంకొకటి తర్వాత నాలుగు. ముందు మాత్రమే ఆపినవాళ్లకి పెద్దగా ఒరిగిందేమీ లేదు. టీకా పడ్డ తర్వాత ఆపినవాళ్లకే వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు బాగా వచ్చాయి. 2018లో ఇంకో పరిశోధన చేసి, తర్వాత రెండు వారాలు ఆపినవాళ్లనీ అసలు ఆపనివాళ్లనీ పోల్చారు. ఆపినవాళ్లలో 75.5 శాతం మందికి టీకా సరిగ్గా పట్టింది, ఆపనివాళ్లలో 54.5 శాతం మందికి. తేడా చిన్నది కాదు. ఆ తర్వాత ఒక్క వారం ఆపినా దాదాపు సరిపోతుందని కూడా వాళ్లే చూపించారు.

ఎందుకంటే టీకా పడగానే దాన్ని గుర్తుపట్టిన కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై వేగంగా పెరగాలి. మెథోట్రెక్సేట్ సరిగ్గా ఆ పెరుగుదలనే అడ్డుకుంటుంది. ఆ పెరుగుదల జోరుగా ఉండే మొదటి రెండు వారాలు దారి వదిలితే చాలు.

అమెరికా రుమటాలజీ కాలేజీ 2022 మార్గదర్శకాలు కూడా ఇదే చెప్తాయి: ఫ్లూ టీకా తర్వాత రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపొచ్చు, అదీ జబ్బు అదుపులో ఉంటేనే. ఇప్పుడే వాపులున్నవాళ్లు, డోసు పెంచుతున్నవాళ్లు, పోయినసారి ఆపినప్పుడు మంచం పట్టినవాళ్లు ఆపకూడదు. మాత్ర మీద ఉండగానే టీకా వేయించుకోవాలి. సగం మందికి పైగా అలా కూడా పట్టింది కదా.

సుజాత గారూ, మీరు జూలై దాకా ఆగొద్దు. ఆ మార్గదర్శకాల్లోనే ఇంకో మాట ఉంది: అవకాశం ఉన్నప్పుడు టీకా ముందు వేసెయ్యాలి, మాత్ర ఆపే సంగతి తర్వాత కీళ్ల డాక్టర్తో మాట్లాడుకోవచ్చు. టీకా పడ్డాక మొదటి ఆదివారంలోపు మీ డాక్టర్ గారికి ఒక ఫోనో, మెసేజో. అంతే. జవాబు రాకపోతే మాత్ర మామూలుగా వేసుకోండి, టీకా వృథా కాదు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపనక్కర్లేదు. ప్రెడ్నిసొలోన్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మీ అంతట మీరు ఆపొద్దు. నెలల తరబడి వాడుతున్న స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. 5 మిల్లీగ్రాములు టీకాకి అడ్డం కాదు. 20 దాటిన డోసులో ఉన్నవాళ్లకి కూడా ఫ్లూ టీకా ఆలస్యం చెయ్యం. మిగతా టీకాలైతే డోసు తగ్గేదాకా ఆగుతాం.


మల్లేశ్, సిద్దిపేట
జూన్ 3, రాత్రి 8:51

డాక్టర్ సార్ చెప్పింది మంచిగుంది కానీ నాదొక మనవి. ఇది చదివి కిడ్నీ మార్పిడి అయినోళ్లు మాత్రలు ఆపుతరేమోనని నాకు భయం. మా తమ్మునికి మా అమ్మ కిడ్నీ ఇచ్చింది. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ మూడు నడుస్తున్నయ్. ఫోన్ల అలారం పెట్టుకుని పొద్దున 8కి, రాత్రి 8కి మింగుతడు. పెండ్లి బరాత్‌ల ఉన్నా సరే, పక్కకు పోయి మింగి వస్తడు.

మా డాక్టర్ సార్ మొదటి రోజే చెప్పిండు. టీకా కోసం గాని, జ్వరం కోసం గాని, దేవుని మొక్కు కోసం గాని ఒక్క పూట ఆపద్దు. ఆపితే ఒళ్లు ఆ కిడ్నీని పరాయిది అనుకుని తిరగబడతది. మార్పిడి అయిన మొదటి నెల మాత్రం టీకా వద్దన్నరు, ఆ తర్వాత వేయించిన్రు. ఇసొంటోళ్లకు టీకా తక్కువ పడతదట, అందుకే ఇంట్ల అందరం వేయించుకున్నం. అమ్మ, నేను, నా భార్య, పిల్లలు. వాని చుట్టూ ఉన్నోళ్లకు రాకుంటే వానికీ రాదు.


గుంటూరు రుమటాలజిస్ట్
జూన్ 3, రాత్రి 9:30

మల్లేశ్ గారూ, చాలా అవసరమైన మాట చెప్పారు. నేను రాసింది కీళ్లకీ, అలాంటి జబ్బులకీ వారానికోసారి తక్కువ డోసులో మెథోట్రెక్సేట్ వాడేవాళ్ల గురించి మాత్రమే. అవయవ మార్పిడి జరిగినవాళ్లు దేన్నీ ఆపకూడదు. రమణ గారి అడాలిముమాబ్ లాంటివీ, టోఫాసిటినిబ్ లాంటి మాత్రలూ ఫ్లూ టీకా కోసం ఆపనక్కర్లేదు.

పేగు జబ్బులకి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించుకునేవాళ్లూ అడుగుతుంటారు, రెండు డోసుల నడుమ వేయించుకోవాలా అని. అవసరం లేదు. ఎక్కించుకునే రోజైనా పరవాలేదు.


పద్మజ, డల్లాస్
జూన్ 4, ఉదయం 6:18

డాక్టర్ గారూ, మా నాన్నగారికి వాస్కులైటిస్, అంటే రక్తనాళాల వాపు. హైదరాబాద్‌లో ఉంటారు. ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ ఎక్కిస్తారు. పోయిన డోసు ఏప్రిల్ మొదట్లో అయింది, మళ్లీ అక్టోబర్‌లో. నవంబర్‌లో అమ్మా నాన్నా ఇక్కడికి వస్తున్నారు. ఇక్కడ ఫ్లూ టీకా సెప్టెంబర్, అక్టోబర్‌లో వేస్తారు కాబట్టి వచ్చాక వేయిద్దామనుకున్నాను. కానీ హైదరాబాద్‌లో ఫ్లూ అప్పటిదాకా ఆగుతుందా?


గుంటూరు రుమటాలజిస్ట్
జూన్ 4, మధ్యాహ్నం 1:47

ఆగదండీ. మన దగ్గర ఫ్లూ ఏడాదికి రెండుసార్లు విజృంభిస్తుంది. జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానల్లో మొదలై అక్టోబర్ దాకా ఇంకోసారి. తెలుగు రాష్ట్రాల్లో ఆ రెండోదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అందుకే మనవాళ్లకి వానలకి ముందు, అంటే ఏప్రిల్, మే నెలల్లో వేయించుకోవడం మంచిదంటాం. జూన్ అయినా ఆలస్యం కాలేదు. అమెరికాలో అయితే చలికాలమే. ఆ క్యాలెండర్ చూసి మన ఊళ్లో అక్టోబర్ దాకా కూర్చుంటే, ఈ వానాకాలమంతా రక్షణ లేకుండా గడిచిపోతుంది.

మీ నాన్నగారి మందు కొంచెం చిక్కు. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలనే రిటుక్సిమాబ్ తుడిచేస్తుంది. ఎక్కించిన మొదటి నెలల్లో టీకా వేస్తే స్పందన చాలా తక్కువ. న్యుమోనియా టీకా లాంటివైతే తర్వాతి డోసు దగ్గరపడే దాకా ఆగి, టీకా వేసి, కనీసం రెండు వారాల తర్వాత రిటుక్సిమాబ్ ఎక్కిస్తాం. ఫ్లూ విషయంలో అలా ఆగం, సీజన్ మన కోసం ఆగదు కాబట్టి. ఇప్పుడే వేయించండి. యాంటీబాడీలు అంతగా రాకపోయినా, వైరస్ సోకిన కణాలను ఎదుర్కొనే టి కణాల వైపు నుంచి కొంత రక్షణ దొరుకుతుంది.

అక్టోబర్ డోసు తేదీ ఖాయమయ్యాక వాళ్ల డాక్టర్ని ఇంకో సంగతి అడగండి. ఆ డోసుకి రెండు మూడు వారాల ముందు, అంటే సెప్టెంబర్‌లో, ఉత్తరార్ధగోళం చలికాలానికి తయారైన కొత్త టీకా హైదరాబాద్‌లో దొరికితే అది వేయించొచ్చా అని. రిటుక్సిమాబ్ ప్రభావం బాగా తగ్గి ఉండేది అప్పుడే. పైగా అమెరికా చలికాలానికీ పనికొస్తుంది. నవంబర్‌లో మీ దగ్గరికి వచ్చాక వేయిస్తే డోసు ఎక్కి ఎక్కువ రోజులు అయి ఉండదు.


పద్మజ, డల్లాస్
జూన్ 4, రాత్రి 8:05

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్సండీ. ఇంకో రెండు సందేహాలు. మూడు నెలల తేడాలో రెండు టీకాలు పరవాలేదా? ఇక్కడ 65 దాటినవాళ్లకి హై డోసు టీకా అని వేరే వేస్తారు, నాన్నగారికి 68. అది ఆయనకి మంచిదా?


గుంటూరు రుమటాలజిస్ట్
జూన్ 4, రాత్రి 10:11

పరవాలేదు. నాలుగు వారాల ఎడం ఉంటే చాలు. హై డోసులో మామూలు టీకాకంటే యాంటిజెన్ (శరీరం గుర్తుపట్టే వైరస్ భాగం) నాలుగు రెట్లు ఉంటుంది. వయసు పైబడినవాళ్లకీ, ఇలాంటి మందులు వాడే 65 లోపు పెద్దవాళ్లకీ కూడా దొరికితే అదే మేలు. కానీ దాని కోసం ఇప్పుడు మామూలుది మానుకోవద్దు.


శేషు మెడికల్స్, ఒంగోలు
జూన్ 5, ఉదయం 11:30

నేను మందుల షాపు నడుపుతున్నాను, ఫార్మసిస్టుని. మా వైపు నుంచి కొన్ని సంగతులు.

టీకా కొనేటప్పుడు పెట్టె అడిగి చూడండి. దాని మీద సంవత్సరం పక్కన ఎస్‌హెచ్ అనో ఎన్‌హెచ్ అనో ఉంటుంది. దక్షిణార్ధగోళం, ఉత్తరార్ధగోళం అని. వైరస్ రకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు ఎంపిక చేస్తుంది. దక్షిణానికి సెప్టెంబర్‌లో, ఉత్తరానికి ఫిబ్రవరిలో. జూన్‌లో మనకి కావలసింది ఆ ఏడాది ఎస్‌హెచ్. పోయినేడాది ఎన్‌హెచ్ సరుకు ఇంకా కొన్ని షాపుల్లో మిగిలి ఉంటుంది, గడువు తేదీ దాటనంత మాత్రాన అది కొత్తది కాదు. అడిగితే చూపిస్తారు, మొహమాటపడొద్దు.

రెండోది చల్లదనం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే పారెయ్యాల్సిందే. ఫ్రిజ్‌లో పైన ఐస్ పెట్టే అర పక్కనే పెట్టి ఉంటే నాకైతే అనుమానమే. కొని ఇంటికి తీసుకెళ్లి సాయంత్రం డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లడం కంటే, వేసేచోటే కొనడం మంచిది. మా దగ్గర తప్పనిసరైతే మూత గట్టిగా ఉన్న చిన్న థర్మోకోల్ పెట్టెలో జెల్ ప్యాక్ వేసి, టీకా పెట్టెకి అది ఆనకుండా మధ్యలో గుడ్డ చుట్టి ఇస్తాం.

"స్వైన్ ఫ్లూ సూది ఉందా" అని అడుగుతారు చాలామంది. అది వేరే లేదు. 2009లో వచ్చిన ఆ హెచ్1ఎన్1 రకమే ఇప్పుడు మామూలు ఫ్లూ టీకాలో ఒక భాగం. పెట్టె మీద నాలుగు రకాలని ఉన్నా, మూడు రకాలని ఉన్నా కంగారు పడొద్దు. నాలుగోదైన బి యమగాటా రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా దొరకలేదు. అందుకే తీసేస్తున్నారు.

అన్నిటికంటే ముఖ్యం: ముక్కులో కొట్టే ఫ్లూ టీకా కూడా ఉంది, సూది భయమున్నవాళ్లు అదే అడుగుతారు. అందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు.


అనురాధ, కర్నూలు
జూన్ 5, సాయంత్రం 4:44

నా భయం ఒకటుంది, ఎవరూ ఏమీ అనుకోవద్దు. టీకా వేయించుకుంటే కీళ్ల నొప్పులు తిరగబెడతాయంట కదా? మా వదినకి టీకా వేసిన రాత్రే ఒళ్లంతా నొప్పులు, జ్వరం. టీకా వల్లే ఫ్లూ వచ్చిందని మా ఇంట్లో అందరూ అంటారు. నాకూ మెథోట్రెక్సేటే, 10 మిల్లీగ్రాములు.


రమణ, రాజమండ్రి
జూన్ 5, సాయంత్రం 6:20

అనురాధ గారూ, సూదిలో ఉండేది చచ్చిన వైరస్ ముక్కలు. దానివల్ల ఫ్లూ రాదు. నాకు కూడా ఆ రోజు రాత్రి భుజం నొప్పి, ఒళ్లు నలతగా ఉంటుంది. మర్నాటికో ఎల్లుండికో పోతుంది. డోలో ఒకటి వేసుకుని పడుకుంటాను. జబ్బు తిరగబెడితే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా, పొద్దున లేచేసరికి గంటసేపు వేళ్లు బిగుసుకుపోయి, ఫలానా కీలు దగ్గరే వాపు కనబడుతుంది. ఒళ్లంతా పీకడం వేరు, అది వేరు.


గుంటూరు రుమటాలజిస్ట్
జూన్ 5, రాత్రి 9:02

రమణ గారు బాగా చెప్పారు. ఒక నిజం మాత్రం దాచను. టీకా వల్ల కాకపోయినా, మెథోట్రెక్సేట్ ఆపడం వల్ల కొందరికి నొప్పులు కొంచెం పెరుగుతాయి. ఎక్కువమందికి మాత్ర మళ్లీ మొదలుపెట్టగానే సర్దుకుంటుంది. మొదటి వారంలోనే కీలు ఉబ్బితే, రెండో వారం దాకా పంతం పట్టక్కర్లేదు, మీ డాక్టర్ని అడిగి మొదలుపెట్టేయండి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు దయచేసి ఇది గుర్తుంచుకోండి: మానేసిన వారాల మాత్రలు కలిపి వేసుకోకూడదు. మామూలు డోసు, మామూలు రోజు. మెథోట్రెక్సేట్ వారానికోసారి మాత్రమే. పొరపాటున రోజూ వేసుకుని రక్తకణాలు పడిపోయి, నోరంతా పుండ్లతో వచ్చినవాళ్లని చూశాను. ఇంట్లో మాత్రలు అందించేది పిల్లలైనా, కోడలైనా, వాళ్లకి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.


సుజాత, తణుకు
జూన్ 7, ఉదయం 8:15

నిన్న సాయంత్రం వేయించుకున్నాను. పెట్టె మీద 2025 ఎస్‌హెచ్ అని నేనే చదివి చూసుకున్నాను, శేషు గారికి థాంక్స్. మా రుమటాలజిస్టు గారి అసిస్టెంట్‌కి వాట్సాప్‌లో పోయిన నెల రక్తపరీక్షలు, మందుల చీటీ ఫొటో పెట్టి అడిగాను. "8, 15 తేదీల ఆదివారాలు మెథోట్రెక్సేట్ ఆపండి, 22న మామూలుగా వేసుకోండి, మిగతావన్నీ కొనసాగించండి" అని మేడమ్ జవాబు పంపారు. క్యాలెండర్‌లో ఆ రెండు తేదీలు కొట్టేసి, 22 చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను. మా అత్తగారికీ, మావారికీ కూడా నిన్ననే వేయించాం. ఒక్కొక్కరికి దాదాపు రెండు వేలు అయింది. ప్రభుత్వ ఆస్పత్రిలో మాలాంటివాళ్లకైనా ఉచితంగా వేస్తే ఎంత బావుండును.

ఆ రెండు సోమవారాలు ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలా, మానాలా?


గుంటూరు రుమటాలజిస్ట్
జూన్ 7, మధ్యాహ్నం 3:33

వేసుకున్నా నష్టం లేదు, మానినా లేదు. అలవాటు తప్పకుండా వేసుకోండి.

ఖర్చు విషయంలో మీ మాటే నాదీ. ఈ మందులు వాడేవాళ్లకి ఫ్లూ, న్యుమోనియా టీకాలు ప్రభుత్వమే ఇవ్వాలని మేమూ అడుగుతున్నాం. ఆస్పత్రిలో ఒక్క వారం న్యుమోనియాకయ్యే ఖర్చుతో ఒక వీధివీధంతా టీకాలు వేయొచ్చు.

టీకా పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది. 12న బడికి వెళ్లేటప్పటికి మీకింకా పూర్తి రక్షణ ఉండదు. మొదటి పదిరోజులు క్లాసులో మాస్కు పెట్టుకోండి. కిటికీలు తెరిచి ఉంచండి.


మల్లేశ్, సిద్దిపేట
జూన్ 8, ఉదయం 10:26

సార్, టీకా వేసుకున్నా కూడా జ్వరం వస్తే ఏం జెయ్యాలె? తమ్మునికి పోయిన చలికాలం వచ్చింది. మేం రెండు రోజులు చూద్దామనుకుంటే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఫోన్ల కోప్పడి, ఆ రాత్రే రమ్మన్నది.


గుంటూరు రుమటాలజిస్ట్
జూన్ 8, రాత్రి 7:50

ఆవిడ కోప్పడటం న్యాయమే. ఇలాంటి మందుల మీద ఉన్నవాళ్లు జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు కలిసి మొదలైతే "చూద్దాం" అనకూడదు. ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, టామీఫ్లూ అని విని ఉంటారు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకి మామూలుగా 75 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకి రెండుసార్లు, ఐదు రోజులు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకి డోసు తగ్గించాలి, మీ తమ్ముడికి వాళ్ల నెఫ్రాలజిస్టే చెప్పాలి. 48 గంటలు దాటినా, మనవాళ్ల విషయంలో ఇస్తాం. పరీక్ష ఫలితం వచ్చేదాకా కూడా ఆగం.

ఇంకొకటి. జ్వరం లేదు కదా, ఫ్లూ కాదు అనుకోవద్దు. స్టెరాయిడ్, మైకోఫినోలేట్ వాడేవాళ్లలో జ్వరం పైకి కనబడకపోవచ్చు. ఆయాసం, తిండి సయించకపోవడం, మగతగా ఉండటం, వీటిలో ఏదున్నా కదలాల్సిందే.


పద్మజ, డల్లాస్
జూన్ 12, ఉదయం 5:58

నాన్నగారికి నిన్న టీకా అయింది, అమ్మకి కూడా. వాళ్ల డాక్టర్ గారు సెప్టెంబర్ మూడో వారంలో రెండో టీకాకి సరేనన్నారు. ఎన్‌హెచ్ సరుకు వస్తే ముందే ఫోన్ చేస్తామని ఆస్పత్రి ఫార్మసీ వాళ్లు నంబర్ రాసుకున్నారట. ఇక్కడ మా పిల్లలకి స్కూల్లో ముక్కు స్ప్రే టీకా ఇస్తామంటారు ఏటా. తాతగారు వచ్చేముందు అది వేయించొచ్చా?


శేషు మెడికల్స్, ఒంగోలు
జూన్ 12, ఉదయం 9:12

సూదే వేయించండమ్మా. స్ప్రే వేయించుకున్న పిల్లల నుంచి వైరస్ కొన్ని రోజులు బయటికి వస్తుంది. మామూలు ఇళ్లలో అది సమస్య కాదు. రిటుక్సిమాబ్ ఎక్కించుకుని వచ్చిన మనిషి పక్కన వద్దు.


సుజాత, తణుకు
జూన్ 24, రాత్రి 9:40

22న మాత్ర మామూలుగా వేసుకున్నాను, 15 మిల్లీగ్రాములే. రెండో వారం చివర్లో కుడి చెయ్యి మధ్యవేలు పొద్దున కాసేపు పట్టేసింది, వాపు రాలేదు. వేడినీళ్లలో పెడితే వదిలేసింది. జూలై అపాయింట్‌మెంట్‌లో న్యుమోనియా టీకా గురించి అడుగుతాను. అనురాధ గారూ, మీరు వేయించుకున్నారా?


అనురాధ, కర్నూలు
జూన్ 25, ఉదయం 7:05

నిన్ననే వేయించుకున్నానండీ. నాకు రెండు మోకాళ్లలో ఇంకా వాపు ఉంది కాబట్టి మాత్ర ఆపొద్దన్నారు మా సారు. ఈ బుధవారం డోసు మామూలుగానే వేసుకుంటాను. వదినకి కూడా చెప్పాను, ఆదివారం వెళ్దామంది.